పదింటికి బాగానే మాట్లాడాడు

కుట్టు షాపు,
ఫిబ్రవరి 27

స్కానమ్మా,

వదిన ఆశీస్సులు. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే మళ్ళీ ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, మీ అన్నయ్య వచ్చి పక్కన కూర్చుంటాడు. నోట్లోంచి మాట ఇంకా సరిగ్గా రావడం లేదు గాని, చెవులకు మాత్రం ఏ లోటూ లేదు. వంటింట్లో నేను నాలో నేను గొణుక్కున్నా ముందు గదిలోంచి 'ఊఁ' అంటాడు. ఉత్తరమైతే కింద షాపులో మిషను మీద కాగితం పెట్టుకుని రాసుకోవచ్చు. నీ జవాబు కూడా షాపుకే రాయి, ఇంటికి వద్దు.

ముందు మంచి కబుర్లు. హాస్పిటల్ నుంచి వచ్చి పదిరోజులైంది. నడక బాగుంది. కుడిచెయ్యి గ్లాసు పట్టుకుంటోంది, కాకపోతే నిండా పోస్తే సగం ఆయన తాగుతాడు, సగం చొక్కా తాగుతుంది. మాటలే చిత్రంగా వస్తున్నాయి. నిన్న తల దువ్వుకోవడానికి దువ్వెన కావాలని, 'నిచ్చెన, నిచ్చెన' అని ఒకటే గోల. ముప్పై ఏళ్ళు నిచ్చెనెక్కి షాపుల బోర్డులు రాసిన మనిషి కదా, అదే ముందు గుర్తొచ్చినట్టుంది. నేనూ ఊరుకుంటానా? పెరట్లోంచి నిచ్చెన మోసుకొచ్చి ఎదురుగా ఆనించాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. మాటలు నేర్పే టీచరమ్మ రోజుకు యాభై బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పిస్తోంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మీ అన్నయ్య ఒకరు చెప్పిన మాట ఇంత బుద్ధిగా వినడం నేనిదే చూడటం.

వచ్చిపోయేవాళ్ళంతా ఆయన మెదడు రంగుల బొమ్మ గురించి అడుగుతున్నారు, నువ్వు గాజు కిటికీ అవతల కూర్చుని తీశావే, అది. డాక్టరు గారు నాకు చూపించి వివరంగానే చెప్పారు గాని, అప్పుడు నా బుర్రకెక్కితేగా. ఎరుపెందుకు, ఆకుపచ్చెందుకు? నాకు అర్థమయ్యేలా చెప్పు. ఇంకొకటి. రక్తం ఆగిపోయాక గంటకి ఎంత మెదడు పోతుంది? నాలుగైదు గంటలు ముందు తెచ్చి ఉంటే ఇంకెంత మిగిలేది? ఊరికే అడుగుతున్నాను.

నీ వదిన

*

స్కాన్ గది,
హాస్పిటల్ కింది అంతస్తు,
మార్చి 4

కత్తెర వదినకు,

నిచ్చెన సంగతి చదివి ఇక్కడ నేను నవ్విన నవ్వుకి మా సీనియరు గారు తలుపు తీసి చూశారు. ఆయన కూడా విని నవ్వాకే వదిలారు.

నీ ప్రశ్నకు వస్తాను. మొదట తీసే మామూలు స్కాన్ ఇంటికి ఫోటో తీసినట్టు. గోడలు నిలబడే ఉన్నాయా, ఎక్కడైనా రక్తం కారిందా అన్నది అందులో తెలుస్తుంది. ఆ ఇంట్లో కుళాయి వస్తోందా లేదా అన్నది ఫోటోలో కనబడదు కదా. దానికే రెండో స్కాన్. చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తాం. అది రక్తంతోపాటు మెదడులోకి వెళ్ళి, ఏ మూలకు ఎంతసేపటికి చేరుతోంది, ఎంత చేరుతోంది అన్నది నిమిషంపాటు వరసగా బొమ్మలు తీస్తాం. తర్వాత కంప్యూటరు లెక్కలు కట్టి రంగులేస్తుంది. ఎరుపు పడిన చోట రక్తం దాదాపు ఆగిపోయింది, అక్కడ ఇక చేసేదేమీ లేదు. ఆకుపచ్చ చోట రక్తం ఆలస్యంగా, సన్నగా చేరుతోంది. ఆ భాగం పని మానేసి కూర్చుంది గాని బతికే ఉంది. అడ్డు తీసేస్తే మళ్ళీ లేస్తుంది. అన్నయ్యకి ఎరుపు పడింది చొక్కా గుండీ అంత. ఆకుపచ్చ పడింది చొక్కా జేబంత. అందుకే డాక్టరు గారు క్షణం ఆలోచించకుండా తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపి, అడ్డుపడ్డ ఆ రక్తపు గడ్డను లాగేశారు. బియ్యపు గింజంత ఉంది ఆ మహాతల్లి.

గంటకి ఇంత పోతుందని అందరికీ ఒకటే లెక్క ఉండదు. కొందరికి గంటలోనే అంతా అయిపోతుంది. కొందరికి పక్క నాళాల్లోంచి కొంచెం కొంచెం రక్తం వచ్చి, గంటల తరబడి ఎలాగో నెట్టుకొస్తుంది. అన్నయ్య రెండో రకం. రంగుల కొట్టుకని బయల్దేరి నాలుగు సందులు చుట్టి ఇల్లు చేరే మనిషి రక్తం కూడా అలాగే తిరిగింది.

ఆ రోజు నన్ను పక్కకు జరిపి సూది సీనియరు గారే గుచ్చారు. బొమ్మ మాత్రం నేనే తీస్తానని మొండికేశాను. ఆ నిమిషం తల కదపకూడదు, కదిపితే అంతా పాడు. అన్నయ్యేమో అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. 'కదలకు అన్నయ్యా' అని మైకులో మూడుసార్లు చెప్పాను. వింటేనా! చివరికి, 'కదిలావంటే వదినను లోపలికి పంపిస్తా' అన్నాను. రాయిలా బిగుసుకుపోయాడు. ఈ మాట ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు, కొడతావని.

సరే గాని, ఊరికే అడుగుతున్నానన్నావు. నువ్వు ఊరికే గుండీ కూడా కుట్టవు. అసలు అడగాలనుకున్నదేమిటో అది రాయి.

నీ ఆడపడుచు

*

కుట్టు షాపు,
మార్చి 12

స్కానమ్మా,

నీ ఉత్తరం వచ్చి నాలుగురోజులైంది. ఈ నాలుగురోజుల్లో ఒక కోటుకు రెండు ఎడమచేతులు కుట్టాను. ఇక దాచుకోవడం నా వల్ల కాదు.

ఆ రోజు హాస్పిటల్లో డాక్టరు గారు 'చివరిసారి ఎప్పుడు బాగున్నారు?' అని అడిగారు గుర్తుందా? నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావు. 'పదింటికి బాగానే మాట్లాడాడు' అన్నాను. అది అబద్ధం. పదింటికే కాదు, అప్పటికి తొమ్మిదిరోజులుగా మా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

కారణం చెబితే నువ్వు తల బాదుకుంటావు. నా షాపుకి కొత్త బోర్డు రాసిపెట్టాడు మీ అన్నయ్య. పైన షాపు పేరు ఎక్కడో చిన్నగా, కింద 'బోర్డు రాసినవారు' అని తన సంతకం, ఫోన్ నంబరు బారెడు పొడవున. 'ఇది నా షాపు బోర్డా, నీ ఎన్నికల ప్రచారమా?' అన్నాను. కొలతలిచ్చుకోడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఫక్కున నవ్వారు. అంతే, మూతి ముడిచాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, నేనూ బిగుసుకున్నాను. ముందు ఎవరు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. పెళ్ళైన కొత్తల నుంచీ మా ఇంట్లో ఇదే పద్ధతి, అన్నిసార్లూ ఆయనే ఓడాడు. ఈసారి మాత్రం గట్టిగా నిలబడ్డాడు. టీ కావాలంటే చెంచాతో బల్ల మీద రెండు దెబ్బలు, అన్నానికి మూడు.

ఆ పొద్దున ఏడింటికి వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, ఏదో గరగరమని శబ్దం వచ్చింది, మళ్ళీ మూశాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. స్టూలు మీద కూర్చున్నాడు. టీ ఇస్తే గ్లాసు చేతిలోంచి జారి పడింది. కోపంతో విసిరేశాడనుకున్నాను తల్లీ! 'ఇంకా ఎన్నాళ్ళు ఈ మూగనోము?' అని ఒక్క మాట అనేసి, గాజుపెంకులు ఊడ్చి, విసవిసా షాపులోకి దిగిపోయాను. నాలుగున్నర గంటలు పైన ఒక్కడే ఉన్నాడు.

పదకొండున్నరకి రంగుల కొట్టాయన డబ్బా ఇవ్వడానికి పైకెళ్ళి, పరుగున కిందికొచ్చాడు. 'అమ్మా, ఆయన మాట్లాడటం లేదు' అన్నాడు. 'నాతోనూ మాట్లాడటం లేదు లెండి' అన్నాను, దారం పళ్ళతో తెంపుతూ. 'కాదమ్మా, మూతి ఒక పక్కకు జారిపోయింది' అన్నాక కత్తెర పడేసి పైకి పరిగెత్తాను.

డాక్టరు గారు అడిగినప్పుడు నిజం చెబుదామనే నోరు తెరిచాను. పక్కన నువ్వు. నా అన్నకి మాట పోయిందో, అలిగాడో కూడా తెలుసుకోలేని మనిషి ఈమె అనుకుంటావని సిగ్గుతో చచ్చిపోయాను. నోటికొచ్చింది చెప్పేశాను. ఆయన కుడిచెయ్యి వణికిన ప్రతిసారీ ఇది నా వల్లేనేమో అనిపిస్తోంది. నాకు ఆయనతో చెప్పే ధైర్యం లేదు. చెబితే మళ్ళీ నా ముఖం చూస్తాడా?

నీ వదిన

*

స్కాన్ గది,
మార్చి 17

వదినా,

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. గడ్డను కరిగించే సూదిమందు ఒకటుంది. జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తే మేలు చేస్తుంది. వేళ దాటిపోయాక, ఏదీ చూసుకోకుండా ఇస్తే మెదడులో రక్తం కారి మనిషే పోవచ్చు. నువ్వు చెప్పిన పదింటి మాట పట్టుకుని ఆ సూది పొడిచి ఉంటే మన కొంప నిలువునా మునిగేది. సిగ్గు పడాల్సిన చోటేనా అది? నన్ను ఎప్పుడు అంత పరాయిదాన్ని చేశావు?

రాసి ఇక్కడ ఆపేశాను. ఇప్పుడు సాయంత్రం, డ్యూటీ అయిపోయింది. కోపం కొంచెం తగ్గింది. ఇక నా దొంగతనం కూడా చెప్పేస్తాను.

నీ మాట నేను అప్పుడే నమ్మలేదు. ఆ ముందురోజు సాయంత్రం ఎనిమిదింటికి అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. బోర్డు గొడవంతా పూసగుచ్చినట్టు చెప్పాడు, నవ్విన నీ గిరాకీలతో సహా. అరగంట గడగడా మాట్లాడాడు. అంటే చివరిసారి బాగా మాట్లాడింది నాతో. పైగా నువ్వు పదింటికి మాట్లాడాడన్నాక డాక్టరు గారు 'ఏమన్నారు?' అని అడిగితే, 'టీ చాలా బాగుందన్నాడు' అన్నావు. అన్నయ్య! నీ టీని! వదినా, అబద్ధం చెప్పేటప్పుడు నమ్మేలా చెప్పాలి.

నిన్ను అక్కడ నిలదీస్తే తల ఎక్కడ పెట్టుకుంటావని, డాక్టరు గారిని పక్కకి పిలిచి, 'ఆ టైము పట్టించుకోకండి. రాత్రి ఎనిమిది దాకా బాగున్నాడు, తర్వాత సంగతి ఎవరికీ తెలియదు' అని చెప్పాను. 'అయితే గడియారం మనకు పనికిరాదు, రక్తం ఎలా పారుతోందో చూద్దాం' అన్నారాయన. ఆ రెండో స్కాన్ తీసింది అందుకే. గడియారం ప్రకారం పదిహేడు గంటలు. బొమ్మ చూస్తే జేబంత మెదడు ఇంకా బతికి ఉంది. ఇన్నాళ్ళూ ఈ సంగతి నీకు చెప్పలేదు. నువ్వే చెబుతావని ఎదురుచూశాను.

ఇక నీ వల్లేనేమో అన్నదానికి. నిద్రలో మొదలైందో, లేచాక మొదలైందో ఎవరికీ తెలియదు. ముందే తెస్తే మంచిదే, కాదనను, నీకు అబద్ధం చెప్పను. ఆ గుండీ ఇంకా చిన్నదయ్యేదేమో. కాని ఆ గుండీ నువ్వు పెట్టింది కాదు. అన్నయ్యకి చెప్పెయ్యి. ఆ ఫోన్లో వాడు ఇంకో మాట కూడా అన్నాడు. అది నేను చెప్పను, వాడి నోటితో వాడే చెప్పాలి.

నీ ఆడపడుచు

*

కుట్టు షాపు,
ఏప్రిల్ 20

స్కానమ్మా,

నీ ఉత్తరం చదివి షాపు తలుపు వేసుకుని ఏడ్చాను. తర్వాత టీ ముక్క గుర్తొచ్చి నవ్వాను. నువ్వు నా పరువు కాపాడుతూ ఆయన ప్రాణం కాపాడావు. నీకేం ఇచ్చుకోను? కోటు కుట్టి పంపుతున్నాను. రెండు చేతులూ సరిగ్గానే పెట్టాను.

మీ అన్నయ్య బాగా కోలుకుంటున్నాడు. కుంచె పట్టాడు. మొదట్లో అక్షరాలు గాలికి వాలిన గడ్డిలా ఉండేవి. పోయినవారం ఎదురింటివాళ్ళకి 'ఇక్కడ బండ్లు పెట్టరాదు' అని రాసిచ్చాడు. అక్షరాలు ఇంకా కాస్త తూలుతున్నాయి, అయినా అక్కడ ఎవరూ బండి పెట్టలేదు. మాటలు కూడా వస్తున్నాయి. ఒక్కో మాటకి మధ్య ఊపిరి తీసుకుని, వెతుక్కుని, దొరకగానే ముఖం వెలిగిపోతుంది.

చెప్పావా అని అడుగుతావు. చెప్పలేదు. చెప్పడం అటుంచి, ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. నెలరోజులుగా ఒక వాక్యం మొదలుపెడుతున్నాడు. 'ఆ రోజు... వంటింట్లో... నువ్వు...' అంటాడు. అని వేలు నావైపు చూపిస్తాడు. ఆ తర్వాత ఏం వస్తుందో నాకు తెలియదా? నువ్వు చూసి కూడా చూడకుండా పోయావని. నన్ను వదిలేసి దిగిపోయావని. 'పాలు పొంగుతున్నాయి' అని లోపలికి పరిగెత్తుతాను. ఇప్పటికి ఏడెనిమిదిసార్లు అయింది. ఇంట్లో పాలు లేని రోజు కూడా పొంగించాను.

నువ్వే వచ్చి ఆయనకి చెప్పవూ? నువ్వు చెబితే వింటాడు.

నీ వదిన

*

స్కాన్ గది,
ఏప్రిల్ 27

వదినా,

కోటు అతికినట్టు సరిపోయింది. సీనియరు గారు ఎక్కడ కుట్టించావని అడిగారు. బోర్డు మీద ఫోన్ నంబరు పెద్దగా ఉంటుంది చూసుకోండి అన్నాను.

నేను రాను. చెప్పను.

ఒక్కటి ఆలోచించు. అన్నయ్యకి ఇప్పుడు ఒక్కో మాటా ఎంత కష్టమో నీకే ఎక్కువ తెలుసు. అంత కష్టపడి నెలరోజులుగా ఒకే వాక్యం నీకోసం కూడబెట్టుకుంటున్నాడు. నువ్వేమో సగంలో పాలగిన్నె అడ్డుపెడుతున్నావు. తిట్టాలనుకుంటే తిట్టనీ. తిట్టు కూడా మాటే కదా, టీచరమ్మ సంతోషిస్తుంది. నీ భయానికి వాడి నోరు ఎందుకు మూస్తావు? ఒక ఆదివారం షాపు కట్టేసి, ఎదురుగా కూర్చుని, ఎంతసేపైనా సరే, మధ్యలో మాట అందించకుండా విను. తర్వాత నీ సంగతి చెప్పు.

ఇక్కడి కబురు ఒకటి. మీ ఇద్దరి పుణ్యమా అని మా డాక్టరు గారు, పేషెంటు రాగానే వివరాలు రాసుకునే కాగితం మీద కొత్త ప్రశ్న చేర్పించారు. 'చివరిసారి ఎవరితో మాట్లాడారు? ఇంట్లోవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా?' మొన్న ఒకావిడ ఆ ప్రశ్న విని, 'మాట్లాడుకోవడమా? ఆయన ఇరవైఏళ్ళ నుంచి ఊఁ అనడమే' అంది. నర్సు అదే రాసుకుంది.

భయపడకు. నేను మా అన్నను ఎరుగుదును.

నీ ఆడపడుచు

*

కుట్టు షాపు,
జూన్ 8

బంగారుతల్లీ,

ఇన్నిరోజులు జవాబు రాయలేదని తిట్టుకుని ఉంటావు. ధైర్యం కూడగట్టుకోడానికి నెల పట్టింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం షాపు తాళం వేసి, పైకి వచ్చి, మీ అన్నయ్య ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. 'ఆ రోజు వంటింట్లో ఏమిటో చెప్పు, కదలను' అన్నాను. అనుమానంగా పొయ్యివైపు చూశాడు. 'ఇవాళ పాలు లేవు' అన్నాను.

ఇరవైనిమిషాలు పట్టింది. మధ్యలో నా నాలుక నేనే కరుచుకుని కూర్చున్నాను. 'ఆ రోజు... వంటింట్లోకి... నేను... మాట్లాడదామనే... వచ్చాను. ఓడిపోదామని.' నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఆగలేదు, వేలెత్తాడు. 'మాట... రాలేదు. కాని... నువ్వు... నువ్వే... ముందు... మాట్లాడావు.' వేలు ఇంకా పైకెత్తి, ముఖమంతా నవ్వుతో, 'నేను... గెలిచాను!' అన్నాడు.

మూగనోము ఎన్నాళ్ళని అడిగానే, ఆ మాట! నాలుగునెలలుగా, మాట రాక, చెయ్యి సరిగ్గా ఆడక, మనిషి దాచుకున్నది ఇదీ! నేను తిడతాడని పారిపోతుంటే ఆయన గెలుపు ప్రకటించుకోడానికి తంటాలు పడుతున్నాడు. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. రేపు నేనే ఓడిపోతానని ముందురోజు నీకు ఫోన్లో చెప్పాడట కదా. నువ్వు దాచిన మాట అదే కదూ, దొంగా!

ఆ ఊపులో అంతా చెప్పేశాను. అలిగాడనుకుని వదిలేసి దిగిపోయానని చెప్పాను. తల ఊపి, 'నేనూ... అలాగే... అనుకున్నా. తొమ్మిదిరోజులు... మూసేస్తే... నోరు... బిగుసుకుపోయిందని' అన్నాడు. ఆ పూట తనకేమైందో ఆయనకీ తెలియలేదట, తల్లీ. ఆ మాటతో నా గుండెల మీదున్న బరువంతా దిగిపోయింది.

తర్వాత డాక్టరుకి చెప్పిన అబద్ధం, టీతో సహా, దాన్ని నీకు ఉత్తరంలో రాసిన సంగతీ చెప్పాను. దానికీ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. 'ఎప్పుడు... చెప్పావు... చెల్లికి?' అన్నాడు. మార్చిలో అన్నాను. 'దానికి... మార్చి. నాకు... జూన్' అన్నాడు. ఇన్నాళ్ళు ఒక్కదాన్నే కుమిలిపోయి, పక్కనున్న మనిషికి చెప్పుకోలేదని మహా కోపం వచ్చింది. లేచి వెళ్ళి కుంచె, అట్టముక్క తెచ్చుకుని కూర్చున్నాడు. పొద్దుగూకే దాకా రాసి, దాన్ని వంటింటి గోడకు కొట్టాడు. అక్షరాలు నిటారుగా ఉన్నాయి, మునుపటంత అందంగా. సంతకం లేదు. ఈ జబ్బు పట్టుకోడానికి హాస్పిటల్లో చేయించే పరీక్షనే ఇంటి పద్ధతిగా రాశాడు. 'అలిగినా సరే, పొద్దున లేవగానే ఇద్దరూ నవ్వి చూపించాలి. రెండు చేతులూ ఎత్తి చూపించాలి. ఒక పూర్తి వాక్యం చెప్పాలి. ఆ తర్వాత అలగవచ్చు.'

ఆ రోజు నుంచి మాటల్లేవు. నేను కూడా బెట్టుగానే ఉన్నాను, ఈసారి ఓడేది లేదు. కాని పద్ధతి మాత్రం ఇద్దరం తప్పడం లేదు. ఇవాళ ఏడింటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రెండు పెదవులూ సమంగా సాగదీసి నవ్వాడు. రెండు చేతులూ భుజాల దాకా ఎత్తాడు, కుడిది కూడా ఎడమదాని పక్కనే నిలిచింది. నా కళ్ళలోకి సూటిగా చూసి, 'నీతో నేను మాట్లాడను' అన్నాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు స్కానమ్మా, ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

నీ వదిన